కోసేసిన ఎద్దు ముచ్చట

మహబూబాబాద్‌లో ఆఫీసులుండే వీధిలో నీలి ఎక్కడుంటుందని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. "అర పేజీ నీలక్క" అంటే మాత్రం చాయ్ పోసేవాడు కూడా గరిటె ఎత్తి చూపిస్తాడు. జిరాక్స్ దుకాణం పక్కన టార్పాలిన్ పరదా, దాని కింద ఒక బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, అట్ట ఊడిన లావుపాటి ఇంగ్లిష్ నిఘంటువు. అదే ఆమె కచేరీ. ఇరవై ఏళ్ల గోసనైనా అర పేజీలోకి దించి రాస్తుంది. అంతకు మించితే లోపల చదివేవాళ్లు లేరని ఆమెకు అనుభవం. బయ్యారం నుంచి, గూడూరు నుంచి, ఒకసారి రేగొండ నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చారు. బల్లకు వేలాడే అట్టముక్క మీద ఆమే రాసి కట్టింది: "అర పేజీలో దరఖాస్తు."

ఆగస్టు మొదటి సోమవారం పొద్దున ఆ అట్టముక్కను ఆమె కాలితో ఒక్క తన్ను తన్నింది. అది పోయి చాయ్ బండి కింద పడింది.

"ఏందక్కా, దాని మీద పడ్డవ్?" అన్నాడు జిరాక్స్ దుకాణం శ్రీపాల్. వాళ్లది ఊళ్లో ఇరవై ఎకరాల రెడ్ల ఇల్లు. ఎండలో దున్నించడం కన్నా నీడలో మిషను నడపడమే సుఖమని పట్నంలో దుకాణం పెట్టుకున్నాడు.

నీలి బల్ల వైపు తిరిగింది. ఎదురుగా కుర్చీలో కూర్చున్న మంగ్లీ చేతిలోంచి కాగితం తీసుకుని మళ్లీ చదివింది. మూడోసారి.

మంగ్లీకి డెబ్బై దాటాయి. బయ్యారం అవతల రాళ్లవాగు తండా. అద్దాలు కుట్టిన పేటియా లంగా, చేతుల నిండా తెల్లగాజులు. ఆ తండాలో ఇంకా ఆ కట్టులోనే ఉన్నవాళ్లు ఇద్దరే మిగిలారు, వాళ్లలో ఈమె ఒకతె. భర్త సక్రు పోయి ఆరేళ్లయింది. అడవి అంచున మూడెకరాల మెట్ట చెలక, అందులో ఒక బావి, కోడలితో కలిసి చేసుకునే వ్యవసాయం. ఆ చెలకకు హక్కు పట్టా కావాలని పెట్టుకున్న అర్జీ తిరిగొచ్చింది. రెండు వేల ఐదు డిసెంబరుకు ముందు నుంచీ దున్నుతున్నట్టు ఆధారం చూపాలి. అది లేదన్నారు. చెలక చుట్టూ మూడు దిక్కులా అడవి శాఖ వాళ్లు కందకం తవ్వడం అయిపోయింది. నాలుగో దిక్కు తవ్వితే లోపల మొక్కలు నాటతారు, అంతే సంగతులు. మళ్లీ విచారణ అడుక్కోవడానికి ఇంకా పందొమ్మిది రోజులు గడువుంది.

"ఏం రాసిండ్రు బేటీ?" అంది మంగ్లీ.

"లేదు అని రాసిండ్రు యాడీ" అంది నీలి, తండా మాటలో అమ్మా అని పిలుస్తూ.

"గింత కాగితం నిండ లేదు అనే రాసిండ్రా?"

శ్రీపాల్ నవ్వాడు. నీలి నవ్వలేదు. కాగితంలో ఒక ఇంగ్లిష్ వాక్యం ఆమె కళ్లకు ముల్లులా తగులుతోంది. అర్జీదారు వాంగ్మూలం సక్సింక్ట్‌గా ఉన్నది గానీ అందులో ఆధారమేదీ కనబడలేదు, అని దాని తాత్పర్యం.

ఆ వాంగ్మూలం రాసింది నీలి. ఎనిమిది లైన్లు.

"సక్సింక్ట్ అంటే మంచిదే గదక్కా" అన్నాడు శ్రీపాల్ తొంగిచూసి. "మస్తు పొట్టిగ, ముక్తసరిగ రాసినవని సారు నిన్ను మెచ్చుకున్నడు."

"మెచ్చుకుని ముసలమ్మ నోట్ల మన్ను గొట్టిండు."

శ్రీపాల్ మిషను దగ్గరికి వెళ్లిపోయాడు. అక్క గొంతు అట్లా ఉన్నప్పుడు ఎదురుగా నిలబడకూడదని అతనికి తెలుసు.

పొట్టిగా మాట్లాడటం నీలికి పుట్టుకతో వచ్చింది కాదు, కొట్టి నేర్పినది. హాస్టల్లో ఉండి తొమ్మిది చదివేటప్పుడు ఇంగ్లిష్ సారు మీ ఊరి గురించి రాయమన్నాడు. తండా పిల్ల, ఇంట్లో మాట ఒకటి, బడిలో తెలుగు ఇంకొకటి, పుస్తకంలో ఇంగ్లిష్ మరొకటి. అయినా కూడబలుక్కుని మూడు పేజీలు రాసింది. సారు మొదటి పేజీ ఉంచి మిగతా రెండూ చించి, "మీ తండాకు గింత కథెందుకు, పొట్టిగ రాయి" అన్నాడు. తరగతంతా నవ్వింది. చించిన పేజీల్లో వాళ్ల నాయిన ఉన్నాడు, మేకలున్నాయి, వాగు పొంగిన ఏడాది కొట్టుకుపోయిన చెల్లెలుంది. పదో తరగతి ఇంగ్లిష్‌లోనే తప్పింది. ఆ తర్వాత ఎవరేమడిగినా రెండు మాటల్లో తేల్చడం అలవాటు చేసుకుంది. ఎవరూ చించడానికి వీలు లేనంత తక్కువ చెప్పడం అన్నమాట.

ఆ తర్వాత పదేళ్లు నాట్లు. పాలకుర్తి వైపు పదిహేనుమంది ఆడవాళ్లు ఒక్క ఆటోలో ఇరుక్కుని పోయేవాళ్లు. ఒక వానాకాలం నాట్లయిపోయి తిరిగి వస్తూ, రైలు కోసం జనగామ స్టేషన్ బయట కూర్చున్నప్పుడు పాత పుస్తకాల బండి మీద ఆ నిఘంటువు కనిపించింది. మొదటి పేజీలు లేవు. తనను తప్పించిన భాష మీద పంతంతో కొన్నది. అర్థాలకన్నా ఆమెను పట్టుకున్నది, ప్రతి మాట చివరా చిన్న అక్షరాల్లో ఉండే సంగతి. ఆ మాట ఏ దేశంలో పుట్టింది, ఏ మాట కడుపున పుట్టింది అన్నది. మాటలకూ తల్లిగారిల్లు ఉంటుందని ఆమెకు అప్పుడు తెలిసింది. మూడేళ్లు ఆ తల్లిగారిళ్లన్నీ తిరిగింది. దవాఖాన, పరేషాన్ లాగా ముక్తసరి కూడా ఉర్దూ దారిలో వచ్చిన మాటేనని ఆమెకు ఎప్పుడో తెలుసు. ఇంగ్లిష్‌లో పొట్టిదనానికి ఉన్న మాటలు కూడా చాలావరకు తెలుసు. కర్ట్ అంటే కోసినది. కన్సైస్ అన్నా కోసినదే. టర్స్ అంటే తుడిచేసినది. బ్రీఫ్ అంటే ఉత్త పొట్టిది. వీటన్నిటి తల్లిగారిల్లు పాత రోము వాళ్ల లాటిన్.

సక్సింక్ట్ మాత్రం ఎప్పుడూ తగలలేదు.

పుస్తకం ముందుకు లాక్కుని పేజీలు తిప్పింది. దొరికింది. క్లుప్తమైన, అనవసరం లేని, అని అర్థం. ఆ చివర చిన్న అక్షరాలు. లాటిన్. సబ్ అంటే కింది నుంచి, సింగెరె అంటే నడుముకు బిగించడం. పొడుగాటి బట్ట కట్టుకునే కాలంలో పనిలోకి దిగేవాళ్లు కింది అంచును పైకి ఎత్తి నడుముకు చెక్కుకునేవారు. అట్లా ఎగజెక్కుకుని పనికి సిద్ధమైన మనిషిని ఆ మాటతో పిలిచేవారు. మాట్లాడే తీరుకు ఆ పేరు తర్వాత ఎప్పుడో వచ్చింది.

నీలి ఆ నాలుగు లైన్ల మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

ఆమె కళ్ల ముందు వాళ్లమ్మ నిలబడింది. మడిలోకి దిగే ముందు అమ్మ చీర కుచ్చిళ్లను మోకాళ్ల పైకి లాగి, కొంగు చుట్టూ తిప్పి బొడ్లో చెక్కుకునేది. రోజంతా బురదలో వంగి నాటేది. సాయంత్రం కాలువలో కాళ్లు కడుక్కుని కట్టు దింపితే, పొద్దున కట్టుకున్న చీర పొద్దున ఉన్నట్టే ఉండేది. ఒక్క గజం తగ్గేది కాదు. బురదకు అడ్డమని ఏ నాటుకూలీ చీర కత్తిరించుకోలేదు.

"శ్రీపాల్ తమ్మీ" అంది. "మడిల దిగేటోళ్లు చీర చెక్కుకుంటరా, కోసుకుంటరా?"

"గిదేం సవాలక్కా? చెక్కుకుంటరు."

"నేను కోసిన."

శ్రీపాల్‌కు అర్థం కాలేదు. మంగ్లీకి అసలే కాలేదు. నీలికి మాత్రం ఆ వాంగ్మూలం రాసిన ఏప్రిల్ నెల ఎండంతా ఒక్కసారి మళ్లీ నెత్తి మీదికి వచ్చింది.

ఆ రోజు బల్ల ముందు పదకొండు మంది. మంగ్లీ ఏడోది. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది తండా మాటలోనే. తెలుగులో చెప్పుకుంటే ఇట్లా ఉంటుంది.

"ఎప్పటి సంది దున్నుతున్నరు యాడీ?"

"హీరియా అని మాకో ఎద్దుండె బేటీ. పాల కొమ్ములది. గది వచ్చిన ఏడాది..."

"ఎద్దు ముచ్చట ఒద్దు యాడీ. ఎప్పటి సంది, ఎన్నెకరాలు, గంతే."

"గదే చెప్తున్న. ఎప్పటి సంది అంటే ఎద్దు..."

"యాడీ."

మంగ్లీ ఆగిపోయింది. చేతిగాజులు సర్దుకుంది. "చానా ఏండ్ల సంది" అంది. నీలి అదే రాసింది. చాలా ఏళ్ల నుండి. ఎనిమిది లైన్లలో ఎనిమిదో లైను.

హాస్టల్ సారు గొంతు తన గొంతులోంచి వచ్చిందని నీలికి ఇప్పుడు వినబడింది. ఆయన మీద ఇన్నేళ్లుగా దాచుకున్న కోపం గిర్రున తిరిగి వచ్చి తన చెంప మీదే కొట్టింది. అయితే ఆఫీసు లోపలి సారు మీద కోపం దానివల్ల తగ్గిందా అంటే, రవ్వంత కూడా తగ్గలేదు. పొట్టిగా చెప్పండని అడిగేదీ వాళ్లే, పొట్టిగా చెబితే ఇందులో ఏమీ లేదని తిప్పి పంపేదీ వాళ్లే. ఆ తిప్పి పంపే కాగితంలో వాడింది కూడా, తల్లిగారింట్లో బురదలోకి దిగే మనిషికి పెట్టుకున్న పేరు.

"లే యాడీ" అంది బల్ల మూసేస్తూ. "మీ ఇంటికి పోదాం."

"ఎందుకు?"

"ఎద్దు ముచ్చట చెప్పు."

ముసలమ్మ ఆమె మొహంలోకి చూసి లేచింది.

రాళ్లవాగు తండాలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా తమ గోడు చెప్పుకుంటుంటే పక్కన ఒకరు కూర్చుని మాట మాటకూ "హా" అనాలి. తీర్పు చెప్పే పెద్దమనుషుల ముందైనా అంతే, వాకిట్లో చాపమీదైనా అంతే. హా కొట్టే మనిషి అడ్డుప్రశ్న వేయకూడదు, తొందర పెట్టకూడదు. హా ఆగిందంటే వినడం ఆగిందని లెక్క, చెప్పేవాళ్లు అక్కడికి ఆపేస్తారు. నీలి పుట్టింది అట్లాంటి తండాలోనే. చిన్నప్పుడు వాళ్ల తాతకు ఎన్నిసార్లు హా కొట్టిందో. బల్ల వేసుకుని కూర్చున్న ఈ పన్నెండేళ్లలో మాత్రం ఒక్కసారి కూడా ఆ మాట ఆమె నోటి నుంచి రాలేదు.

చెలక గట్టు మీద, బావి పక్కన కూర్చున్నారు.

"ఏప్రిల్‌ల నువ్వు హా అనలే బేటీ" అంది మంగ్లీ. గొంతులో నిష్ఠూరం లేదు, ఉన్నమాట చెప్పినట్టు అంది. "హా అననోళ్లకు ఎట్ల చెప్పాలె? గోడకు చెప్పినట్టే గద."

"తప్పు నాదే యాడీ. చెప్పు."

"హీరియా మా ఇంటికి వచ్చినప్పుడు ఇంక దూడనే, పండ్లు కూడ పడలే దానికి."

"హా."

"గీ చెలకంత గుండ్లు. నాగలి పెడితే నాగలి విరుగుతుండె. మీ సక్రు మామ మొండోడు. బాయి తవ్వుత అన్నడు."

"హా."

గంటన్నర అయింది. మధ్యలో ఎద్దుకు జబ్బు చేయడం, పసరు పోయడం, సక్రుకు తన అత్తగారితో తగాదా, ఒక పెళ్లి, ఆ పెళ్లిలో పోట్లాట అన్నీ వచ్చాయి. నీలి నోట్‌బుక్‌లో అన్నీ రాసుకుంది. రెండు ఎండాకాలాలు సక్రు గుంతలోకి దిగి గుండ్లకు గొలుసు కట్టేవాడు, పైన హీరియా లాగేది. రెండో ఏడు ఆఖరు గుండు లాగినప్పుడు అది ముందుకాళ్ల మీద కూలబడింది. మూడో రోజుకు చనిపోయింది. బావి పక్కనే పూడ్చారు. తర్వాత రాయి కట్టడానికి ఎర్రయ్య అనే మేస్త్రీని బయ్యారం నుంచి పిలిపించారు.

"గోడ లేపినంక, పైన సిమెంటు పచ్చిగున్నది. ఎర్రయ్య అడిగిండు, అందరు పేరు రాయించుకుంటరు, నీ పేరు రాయాల్నా, మీ నాయిన పేరు రాయాల్నా అని."

"హా."

"మీ మామ అన్నడు, నా పేరెందుకు, బాయి తవ్వింది హీరియా. దాని పేరే రాయి అన్నడు. అది సచ్చిన తారీకు గూడ రాపిచ్చిండు."

నీలి హా అనలేదు. కలం ఆగిపోయింది.

"ఏమాయె బేటీ?"

"ఎక్కడ రాసిండ్రు యాడీ?"

మంగ్లీ వేలు పెట్టి చూపింది. బావి గోడకు లోపలివైపు, మోటారు పైపు వెనక, నాచు దట్టంగా పట్టిన చోటు. నీలి బోర్లా పడుకుని కొబ్బరిపీచుతో రుద్దింది. మొదట ఒక ఎనిమిది, తర్వాత ఒక తొమ్మిది బయటపడ్డాయి. పచ్చి సిమెంటులో తాపీ మొనతో గీసిన లావు అక్షరాలు. హీరియా. కింద తారీకు, 17-5-98.

వాళ్లడిగిన రెండు వేల ఐదుకు ఏడేళ్ల ముందటిది. ఈ అంకెలు ఏప్రిల్‌లో ముసలమ్మ నాలుక చివరిదాకా వచ్చి, తను అడ్డం కొట్టినందుకు వెనక్కి పోయాయి. నీలి బావి గోడను గుప్పిటతో గట్టిగా గుద్దింది. వేళ్ల కణుపులు దోక్కుపోయాయి.

"నీకు తెల్వదా యాడీ, గిది ఆధారమని?"

"నాకు సదువొస్తదా? ఎద్దు పేరని తెలుసు. ఎద్దు ఒద్దంటివి గద."

మరునాడు నీలి బయ్యారం పోయి ఎర్రయ్యను పట్టుకుంది. కళ్లు మసకబారాయి గానీ మనిషి గట్టిగానే ఉన్నాడు. "ఎద్దు పేరు రాపిచ్చుకున్నోడు నా జిందగిల ఒక్కడే. ఎట్ల మరుస్త?" అని నవ్వాడు. అతని మాట రాయించి వేలిముద్ర వేయించింది. ఆధారాలు రెండయ్యాయి. ఒకటి రాత, రెండోది పెద్దమనిషి మాట.

మళ్లీ విచారణ తర్వాతి సోమవారం నాడు. తిరస్కరణ రాసిన సారుకు ముప్పయ్యేళ్లు దాటి ఉంటాయి. మంచివాడేనని పేరు, లంచం మాట ఎరుగడు. అయితే మనిషికి రెండు నిమిషాలు. బల్ల మీద ఫోను నిలబెట్టి టైము చూస్తాడు.

"క్లుప్తంగా చెప్పండమ్మా. బయట ఎనభై మంది ఉన్నారు."

మంగ్లీని పక్కన నిలబెట్టుకుని నీలి కాగితం ముందు పెట్టింది. అర పేజీయే. చెలక కొలత, బావి, బావి మీద రాత, తారీకు, మేస్త్రీ సాక్ష్యం, వచ్చి చూడమని ప్రార్థన. కింద ఒక లైను: మంగ్లీ పూర్తి వాంగ్మూలం, పద్నాలుగు పేజీలు, జతచేయడమైనది.

"పద్నాలుగా? ఎవరు చదువుతారు?"

"మీరు సదువుతరు సార్. లేకుంటె వచ్చి ఇంటరు."

సారు తలెత్తి చూశాడు. మళ్లీ కాగితంలోకి వంగాడు. "భర్త పేరు సక్రు అని ఉంది. బావి మీద హీరియా అని ఉందంటున్నారు. ఇది వేరేవాళ్ల బావి అయి ఉంటుంది."

"గా ముచ్చటనే పద్నాలుగు పేజీలల్ల ఉన్నది."

"రెండు ముక్కల్లో చెప్పండి."

"ఎద్దు."

"ఏంటి?"

"రెండు ముక్కలన్నరు. నేను ఒక్క ముక్కల చెప్పిన. సమజైందా సార్?"

వాకిట్లో నిలబడ్డవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. సారు మొహం ఎర్రబడింది. "వేళాకోళంగా ఉందా మీకు?"

"లేదు సార్. ఈమె చెలక పోతది. నాకు వేళాకోళం యాడికెల్లి వస్తది?" నీలి గొంతు పెంచకుండా బల్ల అంచును గట్టిగా పట్టుకుంది. "మొన్నటి కాగితంల మీరొక మాట రాసిండ్రు. సక్సింక్ట్ అని."

"అవును. బాగా రాశారనే..."

"గా మాట యాడ పుట్టిందో సూసిన సార్. బట్టను కింది నుంచి ఎత్తి నడుముకు చెక్కుకునుడు. పనిల దిగేతందుకు. మా నాటు కూలోళ్లు చేసే పనే. పని గాంగనె దింపుకుంటరు, బట్ట బట్టలెక్కనే ఉంటది. నేను ఈమె మాటను చెక్కలే, కత్తెర పెట్టి కోసిన. మీరు పొట్టిగ కావాలంటరని కోసిన. కోసిన ముక్కలనే తారీకు పోయింది. తప్పు నాది. పొట్టిగ ఉన్నదని మురిసి, పోయిన ముక్క ఏందని అడగని తప్పు మీది."

 ఫోనులో రెండు నిమిషాలు దాటి మూడో నిమిషం నడుస్తోంది.

"ఇది ఇంగ్లిష్ క్లాసు కాదమ్మా" అన్నాడు సారు చివరికి. అయినా కలం తీశాడు. స్థల పరిశీలన, గురువారం, అని రాసి కాగితం పక్కకు పెట్టాడు. ఒప్పుకుని రాశాడో, ఆమెను బయటికి పంపడానికి రాశాడో నీలికి తెలియలేదు. తెలుసుకోవాలని కూడా లేదు.

గురువారం పొద్దున వాన పడి వెలిసింది. జీపు వాగు ఒడ్డున ఆగిపోయింది. అవతల చెలక కనబడుతోంది. మధ్యలో మోకాలి లోతు నీళ్లు, అటూ ఇటూ పిక్కల దాకా దిగబడే బురద. మంగ్లీ పేటియా చెక్కుకుని ఎప్పుడో దాటేసి, గట్టు మీద నిలబడి ఉంది. ఎర్రయ్యను కోడలు చెయ్యి పట్టుకుని దాటించింది.

సారు బూట్ల వైపు చూసుకున్నాడు. "నీళ్లు తగ్గాక చూద్దాం. ఈలోపు ఫోటో తీసి పంపించండి, చాలు."

నీలి అప్పటికే కుచ్చిళ్లు లాగి బొడ్లో చెక్కుకుని నీళ్ల మధ్యలో నిలబడి ఉంది. వెనక్కి తిరిగింది. "ఫోటోల ఎద్దు రాదు సార్."

"మీకు ఎంత మొండితనమమ్మా."

"వచ్చే సోమవారానికి నాలుగో దిక్కు కందకం తవ్వుతరట. మిషను వచ్చి ఊరవతల ఆగింది. నీళ్లు తగ్గెదాక అది ఆగుతదా?"

సారు వాగు అవతలి చెలక వైపు చూశాడు. తర్వాత బూట్లు విప్పాడు. మేజోళ్లు బూట్లలో కుక్కాడు. ప్యాంటు ఒక మడత వేశాడు, రెండు వేశాడు, మోకాలి పైదాకా తెచ్చి బిగించుకున్నాడు. నీలి చూస్తూ నిలబడింది. ఆ ఇంగ్లిష్ మాటే అనబోయి మింగేసింది. అన్నా ఆయనకు అది వెక్కిరింతగానే తగిలేది. ఆమె కోపం కూడా అంత తొందరగా నవ్వులోకి దిగే రకం కాదు.

బావి దగ్గర సారు వంగి చూశాడు. గోరుతో గీకాడు. రాత మీదుగా సన్నటి పగులొకటి పోయింది. పగులులోనూ నాచు ఉంది, అక్షరాల లోతులోనూ నాచు ఉంది. పాతదేనని ఎవరూ చెప్పక్కర్లేదు. ఎర్రయ్యను అడిగాడు. ఎర్రయ్య తడుముకోకుండా చెప్పాడు. పక్కన కొద్దిగా ఎత్తుగా ఉన్న దిబ్బను మంగ్లీ చూపించింది. సారు దిబ్బ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"తారీకు గడువుకు ముందుదే" అన్నాడు ఫైలు తెరుస్తూ. "సాక్ష్యం ఉంది. తిరస్కరణ రద్దుకు రాసేస్తున్నా. కందకం పని ఆపమని ఇవాళే చెబుతాను."

కోడలు సుజాత కొంగుతో కళ్లొత్తుకుంది. 

"ఇక ఈమె మాట ఒక్కటి రాసుకుంటే అయిపోతుంది. ఈ పేరు ఎవరిది, ఎందుకు రాయించారు. చెప్పండవ్వా."

మంగ్లీ బావి గోడకు ఆనుకుని కూర్చుంది. ఎగజెక్కుకున్న పేటియా అంచును పాదాల దాకా దింపుకుంది. గాజులు సర్దుకుంది. "హీరియా మా ఇంటికి వచ్చినప్పుడు" అని తెలుగులోనే మొదలుపెట్టింది, "దానికి పండ్లు కూడ పడలే సారూ."

అక్కడ ఆగింది. సారు కలం పట్టుకుని ఎదురుచూశాడు. ముసలమ్మ కూడా ఎదురుచూసింది.

"చెప్పండి" అన్నాడు సారు.

మంగ్లీ చెప్పలేదు.

"హా అనాలె సార్" అంది నీలి.

"ఏమనాలి?"

"హా. మాట మాటకు. లేకుంటె చెప్పదు."

సారు నీలిని చూశాడు, ముసలమ్మను చూశాడు, వాగు అవతల ఆగిన జీపును చూశాడు. "హా" అన్నాడు.

చెలక గుండ్ల గురించి, విరిగిన నాగలి గురించి మంగ్లీ మొదలుపెట్టింది. సారు రాసుకుంటున్నాడు. ఒక తెల్ల ఎద్దు, అని రాయబోతుంటే మంగ్లీ ఆపి, తెల్లది కాదు, కొమ్ములే పాలరంగు, ఒళ్లంతా ఎర్రది అని దిద్దింది. ఆయన కొట్టేసి మళ్లీ రాశాడు. అర పేజీ నిండింది. పేజీ నిండింది. పసరు పోసిన సంగతి దాకా వచ్చేసరికి రెండో కాగితం తీశాడు. అత్తగారితో తగాదా దగ్గర కలం దించి, నుదురు తుడుచుకుని, చేతి గడియారం చూశాడు.

"అయిపోయినట్టేనా అమ్మా?" అని నీలిని అడిగాడు.

నీలి దోక్కుపోయిన వేళ్లను కొంగులో చుట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఇంక ఎద్దు సావనే లేదు సార్" అంది.